అతికించిన పళ్లెం

పొద్దున పొయ్యి వెలిగించే ముందు అక్క మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటుంది. ముందు చెల్లెలి వంట. అది దించి మూత పెట్టాకే తన పాలు, తన గుడ్డు. కుడివైపు గూట్లో చెల్లెలి గిన్నెలు, చెల్లెలి గరిటె, చెల్లెలి కత్తి. ఎడమవైపు గూట్లో తనవి. రెండు గూళ్ల మధ్యా ఖాళీ అర. ఆ అరలో ఏమీ పెట్టదు.

ఆ రోజు కూడా అన్నం, ఉడికిన పప్పు, బంగాళాదుంప ముక్కలు పళ్లెంలో వడ్డించింది. పళ్లెం ఎవరూ ముట్టకుండానే బల్ల మీద జానెడు వెనక్కి జరిగింది.

"ఇదేమిటే? పప్పూ దుంపలే కదా!" అంది అక్క.

"ఏ గరిటె వాడావు?" అని అడిగింది చెల్లెలు.

"నీదే."

"మరి మూత?"

అక్క మూత తిరగేసి చూసింది. అంచు మడతలో ఎండిన మీగడ చుక్క ఒకటి కనపడింది. "నా బుద్ధి మండ! నిన్న నా పాలగిన్నె మీద పెట్టినట్టున్నాను," అని మూతను ఎడమవైపు గూట్లోకి విసిరి, మళ్లీ పప్పు కడిగి పొయ్యి మీద పెట్టింది. చెల్లెలు పనికి ఆలస్యమైంది. ఇద్దరూ మాట అనుకోలేదు. ఆ ఇంట్లో పళ్లెం జరగడమంటే కుక్కర్ కూత వేసినట్టే. వింటారు, లేచి చేయవలసింది చేస్తారు.

చెల్లెలిని ఊరంతా సూదమ్మ అంటారు. పుస్తకాలు కుట్టే బైండింగు షాపులో కుట్టుపని ఆమెది. ముప్పై దాటేదాకా రాళ్లు తిని అరిగించుకున్న మనిషి. తరువాత ఒకరోజు పాలు తాగితే పెదవులు వాచాయి. కొన్నాళ్లకు గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఆపైన వేరుశెనగలు, నువ్వులు. దొంగలు ఒకడి వెనక ఒకడు గోడ దూకినట్టు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పళ్లెం జరగడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఆమె చేతి మీద చుక్కలు వేసి, సన్నగా గీసి, ఎక్కడెక్కడ పొంగిందో చూసింది.

"ఈ నాలుగూ మీకు పడవు. కొంచెం అన్న మాట మరిచిపోండి. కొంచెం కూడా పడదు. పళ్లెం జరుగుతోందా?"

"జరుగుతోందండీ."

"జరిగితే తినకండి. పొరపాటున తిని గొంతు బిగిస్తే, ఈ సూదిమందు తొడలో పొడుచుకుని వెంటనే ఇక్కడికి వచ్చేయండి. ఇది మీ సంచిలోనే ఉండాలి. ఎప్పుడూ."

చెప్పడం వరకు డాక్టరమ్మ పని. ఆ తరువాత రోజూ మూడు పూటలా తినవలసింది సూదమ్మ. కొట్టుకు వెళితే ప్రతి పొట్లం తిప్పి, వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదవాలి. బిస్కెట్టులో పాలపొడి. సూప్ పొడిలో పాలపొడి. ఉప్పు చల్లిన చిప్స్‌లో కూడా పాలపొడే! అక్కడ దానికేం పని? "కొనేదైతే కొను, లేకపోతే పెట్టెయ్. ఇదేం గ్రంథాలయమా?" అనేవాడు కొట్టువాడు. ఎవరింట్లో విందు ఉన్నా ముందు ఇంట్లో తిని వెళ్లాలి. అక్కడ మంచినీళ్లు తాగి, "ఏమ్మా, మా ఇంటి తిండి తినకూడదా?" అన్న మాట కూడా తినాలి. బేకరీ ఉన్న వీధిలో ఆమె అవతలి గట్టున నడిచేది. వేడి బన్ను వాసనకు కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము పడిందనేది.

మొదట్లో అక్క కూడా తక్కువ తినలేదు. "చిన్నప్పటి నుంచి నా చేతి ముద్ద తిన్నదానివి. ఇవాళ నా వంట నీకు విషమైందా?" అని ముక్కు చీదింది. ఒకసారి చాటుగా చారెడు పాలు కూరలో పోసింది కూడా, బలం వస్తుందని. పళ్లెం జరిగితే బొటనవేలితో నొక్కి పట్టింది. ఆ సాయంత్రం చెల్లెలి పెదవులు నీలంగా మారడం తన కళ్లతో చూసింది. ఆ తరువాతే కుడి గూడూ ఎడమ గూడూ వచ్చాయి. ప్రేమ ఉంటే సరిపోదు. ప్రేమ ఉన్నవాళ్లు గిన్నె కూడా కడగాలి. అక్కకు ఆ బుద్ధి వచ్చింది. అందరికీ రాదు.

*

బైండింగు షాపు పొడవాటి హాలు. ఒక పక్క అచ్చయి వచ్చిన కాగితాల కట్టలు, ఒక పక్క అట్టలు, మధ్యలో పెద్ద టేకు బల్ల. ఆ అచ్చు కాగితాలను మడిచిన ఫారాలను ఆ బల్ల మీదే వరుసగా పేర్చుతారు. కిటికీ పక్కన సూదమ్మ పీట. వెలుగు భుజం మీదుగా వచ్చి సూది బెజ్జంలో పడుతుంది. కుర్రతనంలో ఆ పీట మీద కూర్చుంది, ఇంకెక్కడా కూర్చోలేదు.

మధ్యాహ్నం కాగానే ఫారాలు తీసి, బల్ల తుడిచి, అందరి డబ్బాలూ ఒకే పెద్ద గిన్నెలోకి బోర్లిస్తారు. అన్నం, కూర, రొట్టె ముక్క, గుడ్డు, ఏదైనా సరే. అన్నీ కలిపి, తలా ఇంత పెట్టుకుంటారు. ఇది అక్కడి ఆచారం. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలీదు, ఎందుకని అడిగినవాళ్లూ లేరు. షాపును నడిపే మేస్త్రీకి ఆ గిన్నె అంటే ప్రాణం. "ఒక గిన్నెలో తిన్న చేతులే ఒక పుస్తకాన్ని కుడతాయి," అనేవాడు. మాట బాగానే ఉంది. మాట బాగున్నంత మాత్రాన గొంతు వాచకుండా ఉండదు.

సూదమ్మ తన డబ్బా, తన పళ్లెం తెచ్చుకుని బల్ల చివర కూర్చునేది. పెద్ద గిన్నె మూత తీయగానే పళ్లెం ఆమె ముందు నుంచి జారి బల్ల కొసకు పోయేది. ఆమె ఒక చేత్తో దాన్ని వెంబడిస్తూ, ఇంకో చేత్తో ముద్ద కలుపుకునేది.

"పట్టుకో పట్టుకో, పారిపోతోంది!" అని నవ్వేది మడతక్క. కాగితాలు మడత పెట్టే పని ఆమెది, నోరు మాత్రం మడత పెట్టదు. "ఏమే సూదమ్మా, పళ్లేనికి పెళ్లిచూపులా? అంత సిగ్గుపడుతోంది!"

"మీ గిన్నెలో వేరుశెనగ ఉంది, అక్కా."

"ఉంటే? నీ పళ్లెంలో వేశానా?"

"అదే చేత్తో ఈ బల్ల తుడిచావు కదా."

"అమ్మో! ఇంక ఊపిరి తీయాలన్నా నిన్ను అడిగి తీయాలి కాబోలు."

మేస్త్రీ చెయ్యి నాకుతూ అన్నాడు. "మా తాతల కాలంలో ఈ పడకపోవడాలు ఉండేవా? తినేవాళ్లు, అరిగించుకునేవాళ్లు. మనసులో ఉంటుందమ్మా అంతా. రోజుకొక వేలెడు తింటూ పోతే అదే అలవాటవుతుంది."

"వేలెడు తింటే నేనే ఉండను, మేస్త్రీగారూ. డాక్టరమ్మ చెప్పింది."

"డాక్టర్లు చెప్పకేం చేస్తారు?"

చూడండి మరి. పళ్లెం నడుస్తుంటే వాళ్లలో ఒక్కరూ కళ్లు నులుముకోలేదు. పళ్లెం కాళ్లు లేకుండా బల్ల దాటుతుందంటే నమ్మారు. తమతో పాటు ఇన్నేళ్లు కూర్చున్న మనిషి, వేరుశెనగ తింటే నాకు ఊపిరాడదు అంటే నమ్మలేదు. అది చాదస్తం. అది గారాబం. అది అతి. పరాయి వాడి గొంతు ఎంత వాచినా మన గొంతులో ముద్ద హాయిగానే దిగుతుంది కదా.

ఆ షాపులో జిగురు కాచే ముసలాయన ఒకడున్నాడు. జిగురుతాత అంటారు. మెత్తటి మనిషి. సూదమ్మ పళ్లెం వెంట పడుతూ తినడం చూసి ఆయన మనసు కరిగింది. పాపం, ఒక్క పూటైనా పిల్ల కుదురుగా తినదే! ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. అట్ట లేచినా, వెన్ను ఊడినా, కాగితం కదిలినా, అతికించడం.

బడి పుస్తకాల పెద్ద పని ఒకటి వచ్చిన రోజులవి. ఆ పొద్దున సూదమ్మ తల వంచి కుట్టులో మునిగి ఉండగా, తాత అరలోంచి ఆమె పళ్లెం తీశాడు. సరేసు బంక కరిగించి, పుస్తకాల వెన్నుకు పూసే చిక్కటి జిగురులో కలిపి, పళ్లెం అడుగున దట్టంగా పూసి, ఆమె కూర్చునే చోట బల్లకు అద్ది నొక్కాడు. పైన ఇనప బరువు పెట్టి, చుట్టూ అట్టలు పేర్చి కనపడకుండా చేశాడు. మధ్యాహ్నానికి బరువు తీసి గోటితో గీకి చూసుకున్నాడు. పళ్లెం బల్లలో భాగమైపోయింది. ఆయన ముఖం వెలిగింది.

సూదమ్మ చేతులు కడుక్కుని వచ్చేసరికి పళ్లెం తన చోట ఉంది. మడతక్క అప్పటికే గిన్నె కలిపింది.

"ఇవాళ నీకోసమే కలిపానే. పాలు లేవు, గుడ్డు లేదు. అన్నం, కూరగాయలు. ఇవాళైనా మాతో తిను."

"వేరుశెనగ?"

"లేదంటే!"

సూదమ్మ ఆమె ముఖం చూసింది. తరువాత పళ్లెం చూసింది. మడతక్క దాని నిండా వడ్డించింది. పళ్లెం కదల్లేదు. గిన్నె దగ్గరికి జరిపారు. పళ్లెం కదల్లేదు. ఎన్ని నెలలకు! సూదమ్మకు నవ్వొచ్చింది. ఇన్నాళ్లకు నలుగురితో కలిసి, ఒక చేత్తో, తాపీగా ముద్ద కలుపుకుంది.

బల్ల సన్నగా వణికింది.

"బయట లారీ పోతున్నట్టుంది," అన్నాడు మేస్త్రీ. మోచేతులు ఆనించి బల్లను అదిమి పట్టాడు. మిగతావాళ్లూ అలాగే అదిమారు. తినడం ఆపలేదు.

మూడో ముద్దకు సూదమ్మ నాలుక మొద్దుబారింది. గొంతు లోపల ఎవరో దారం వేసి లాగి ముడి బిగించినట్టయింది.

"పొలమారింది, నీళ్లివ్వండి!"

"వీపు మీద చరచండి!"

"ఏం వేశావ్?" అని అడగడానికి సూదమ్మకు గొంతు లేదు. మడతక్క కళ్లలోకి చూసింది, అంతే. మడతక్క ముఖం పాలిపోయింది. "వేయించిన వేరుశెనగ పొడి... గుప్పెడు... రుచికే వేశాను. పొడి చేస్తే ఏం కాదనుకున్నాను..."

సంచి కిటికీ దగ్గరుంది. ఎవరికీ తోచలేదు. ఆమే పాకుతూ వెళ్లి, సూదిమందు తీసి, చీర మీద నుంచే తొడలోకి పొడుచుకుంది. సూది పట్టడం ఆ చేతికి తెలుసు కాబట్టి బతికింది. పుస్తకాలు మోసే వ్యానులో ఆస్పత్రికి తీసుకెళ్లారు.

పగబట్టినవాడు ఒకడు ఉంటే వాణ్ణి తిట్టి ఊరుకోవచ్చు. ఇక్కడ అందరూ మంచివాళ్లే. అతికించినవాడు జాలితో అతికించాడు. పొడి వేసింది ముచ్చటపడి వేసింది. మేస్త్రీ కలిసి తినాలన్నాడు. ఇంతమంది మంచితనం కలిసి ఒక మనిషి పీక నులిమింది. చెప్పిన మాట వినడం అనే చిన్న పని మాత్రం ఒక్కరూ చేయలేదు.

*

ఇంటికి వచ్చిన మర్నాడు మేస్త్రీ పరామర్శకు వచ్చాడు. చంకలో ఫారాల కట్ట ఉంది.

"ఏమ్మా, ఎలా ఉంది? మేమంతా హడలిపోయామనుకో. పళ్లెం అతికించింది తానేనని ఏడుస్తూ తాత రెండు రోజులుగా అన్నం ముట్టలేదు."

"మా చెల్లెలు ముట్టింది, చాలు," అంది అక్క గుమ్మంలోంచి.

మేస్త్రీ వినిపించుకోలేదు. "నేనొక ఆలోచన చేశాను, సూదమ్మా. ఇకమీదట నువ్వు షాపుకు రావద్దు. ఫారాలు ఇంటికే పంపిస్తాను, ఇక్కడే కుట్టు. కిటికీ దగ్గర ఇంకొకరిని కూర్చోబెడతాను. నీ మంచికే చెబుతున్నాను. రేపు మళ్లీ ఏదైనా అయితే షాపుకు చెడ్డపేరు కూడాను."

సూదమ్మ గది చుట్టూ చూసింది. ఆ గదికి ఒకటే కిటికీ, దాని ఎదుట పక్కింటి గోడ. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నేను చేసిన తప్పేమిటి, మేస్త్రీగారూ?"

"తప్పని కాదమ్మా..."

"తప్పు కాకపోతే శిక్ష ఎందుకండీ?" అంది అక్క. గుమ్మంలోంచి లోపలికి వచ్చేసింది. "విషం కలిపింది మీరు. పళ్లేన్ని కదలకుండా కట్టేసింది మీరు. మంచం ఎక్కింది ఇది. మళ్లీ ఇల్లు కదలకూడనిది కూడా ఇదేనా? మీరు గిన్నె కడుక్కోలేరు, చేతులు కడుక్కోలేరు, అందుకని మనిషినే కడిగి పారేస్తారా?"

"నువ్వు ఆవేశపడుతున్నావు తల్లీ."

"పడతాను. ఇది నా చెల్లెలు. ఆ కట్ట తీసుకుని దయచేయండి."

మేస్త్రీ కట్ట అక్కడే వదిలి వెళ్లాడు. సూదమ్మ దాన్ని విప్పలేదు.

*

షాపులో పెద్ద గిన్నె మళ్లీ బల్ల ఎక్కింది. చివర అతికిన పళ్లెం ఖాళీగా ఉంది. మడతక్క మూత తీయగానే పళ్లెం వెనక్కి జరగబోయింది. జిగురు వదల్లేదు. దాంతో బల్లే జరిగింది. వాళ్లు ముద్ద కలిపి నోటి దాకా తెచ్చేసరికి బల్ల హాలు దాటి, కాగితాలు దించే వెడల్పు గుమ్మంలోంచి పెరట్లోకి వెళ్లి నిలబడింది.

"పట్టుకోండ్రా!" అని మేస్త్రీ అరిచాడు. నలుగురు పట్టుకుంటే నలుగురినీ ఈడ్చింది. గిన్నె దించాకే తిరిగి లోపలికి వచ్చింది.

మర్నాడు నేల మీద కూర్చుని తిన్నారు. తిని వచ్చి, ఫారాలు పేర్చబోతే బల్ల ఆ చేతుల నుంచి దూరంగా పోయింది. చేయి తుడుచుకుని వచ్చినా పోయింది. సబ్బుతో కడిగినవాళ్ల దగ్గర మాత్రం కదలకుండా నిలబడింది.

"చేతులు కడుక్కుని పని చేయాలట! ఇదెక్కడి గోల!" అన్నాడు మేస్త్రీ. తాను మాత్రం కడుక్కోలేదు. ఆ మధ్యాహ్నం బల్ల పేర్చిన ఫారాలన్నిటితో సహా పెరట్లోకి పోయింది. సన్నటి తుంపర మొదలైంది. బడి పుస్తకాల మొదటి పాఠాలు ఆయన కళ్ల ముందే తడిసి ఉబ్బాయి. లోపల నేల తుడిచి, గిన్నె తోమి, ఆయన చేతులు కడుక్కునేదాకా బల్ల గడప ఎక్కలేదు.

తాత వేడినీళ్లు పోశాడు. కత్తి దూర్చాడు. ఉలితో కొట్టాడు. పళ్లెం ఊడలేదు. "నా చేతి జిగురు మరి," అన్నాడు ఏడుపు గొంతుతో. జీవితంలో మొదటిసారి తన పనితనాన్ని తానే తిట్టుకున్నాడు.

బల్లను ఎవరూ వింత అనలేదు. ఆకలేస్తోంది అన్నారు. పని ఆగింది అన్నారు. వేరొకరి ఊపిరి ఆగినప్పుడు లేని తొందర, తమ ముద్ద ఆగేసరికి ఎంత త్వరగా వచ్చింది!

మేస్త్రీ మళ్లీ సూదమ్మ ఇంటికి వచ్చాడు. ఈసారి చంకలో ఏమీ లేదు.

"నీ పీట నీకే ఉందమ్మా. రా. వచ్చి నీ పళ్లేనికి కాస్త చెప్పు."

"పళ్లేనికి చెప్పవలసింది ఏమీ లేదండీ," అంది సూదమ్మ. "మీకు చెప్పవలసింది ఉంది. అదీ చాలాసార్లు చెప్పాను."

మేస్త్రీ చెప్పులు చూసుకున్నాడు. "మళ్లీ చెప్పు."

అక్క ఏదో అనబోతే సూదమ్మ చేత్తో ఆపి, మొదటి నుంచి చెప్పింది. ఏవి పడవో, ప్రాణం మీదికి రావడానికి ఎంత చాలో, గొంతులో ఎలా ఉంటుందో, గరిటె ఎందుకు వేరుగా ఉండాలో, సూదిమందు ఎక్కడ ఎలా పొడవాలో. ఆయన నిలబడే విన్నాడు. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

సూదమ్మ వెళ్లింది. మధ్యాహ్నం పెద్ద గిన్నె బల్ల ఎక్కింది. కొత్త గిన్నె, కొత్త గరిటె. అందులో అన్నం, ఉడికిన కూరగాయలు, పప్పు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. అందరూ మెడలు చాచి బల్ల కాళ్ల వైపు చూస్తున్నారు.

"కదల్లేదు," అంది మడతక్క గుసగుసగా.

"కదల్లేదు, కదల్లేదు," అని తాత కళ్లు తుడుచుకున్నాడు. "ఇంక వడ్డించు."

మడతక్క గరిటె ముంచింది.

"ఆగు," అంది సూదమ్మ. కూర్చోలేదు. "బల్లను ఎందుకు చూస్తున్నారు? నేనిక్కడ నిలబడి ఉన్నాను. నన్ను అడగండి."

మడతక్క గరిటె వదిలేసింది. అందరూ మేస్త్రీ వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"సూదమ్మా, ఇది నువ్వు తినొచ్చా?"

"ఎవరు వండారు?"

"నేనే," అంది మడతక్క.

"నూనె?"

"పొద్దుతిరుగుడు. సీసా తెచ్చాను, చూడు."

సూదమ్మ సీసా తిప్పి, వెనకనున్న అక్షరాలు ఆఖరి దాకా చదివింది. గరిటె వాసన చూసింది. మూత అంచు వేలితో తడిమింది. అంతసేపూ ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ తొందర పెట్టలేదు.

"తినొచ్చు," అంది.

అప్పుడు కూర్చుంది. ఆమె కూర్చున్నాక మిగతావాళ్లు కూర్చున్నారు.